సుఖమును చురుకును గల పాత మోటారు సైకిలు: ఎన్నుకొను విధము

అనకాపల్లి పరిసర గ్రామములలో ఒకప్పుడు ఇంటి ముంగిట ఎద్దుల జత నిలిచియుండిన చోట నేడు మోటారు సైకిలు నిలిచియున్నది. కుమారుడు అచ్యుతాపురములోని కర్మాగారమునకు పోవలెనన్నను, మనుమడు విశాఖపట్టణమునకు చదువునకై పోవలెనన్నను, ఇంటి పెద్దను చోడవరములోని వైద్యుని యొద్దకు తీసికొని పోవలెనన్నను ఆ బండియే ఆధారము. 150 సి.సి. తరగతికి చెందిన క్రొత్త బండి వెల నేడు లక్ష రూపాయలను దాటియున్నది. కావున చెరకు బిల్లు చేతికి వచ్చినప్పుడో, బెల్లము అమ్మినప్పుడో కొంత సొమ్ము ప్రత్యేకించి, దానితో పాత బండిని కొందమను ఆలోచన పలు ఇండ్లలో పుట్టుచుండును.

అప్పుడు ఇంటిలో మూడు కోరికలు ఎదురెదురుగా నిలుచును. "తాతా, స్పోర్టీగా ఉండే బండి కావాలి" అని మనుమడనును. "వెనక కూర్చుంటే నా నడుము విరక్కూడదురా" అని తాత యనును. "అరవై వేలు దాటితే నావల్ల కాదు" అని తండ్రి యనును. ఈ మూడు కోరికలను ఒకే బండియందు సమకూర్చుట సాధ్యమా? సాధ్యమే యని నా యభిప్రాయము. అయితే అందుకొక క్రమము కలదు. బండి పేరును బట్టి గాక బండి స్థితిని బట్టి కొనవలెను. ఆ స్థితియందును మొదట కూర్చుండు తీరును, పిదప ఆగు శక్తిని, కట్టకడపట పరుగును పరీక్షింపవలెను. అంగడిలో యువకులు సాధారణముగా ఈ క్రమమును తలక్రిందులు చేయుదురు. దానిని సరిదిద్దుట పెద్దల పని.

ఈ యంత్రము యొక్క పూర్వకథను రెండు మాటలలో చెప్పెదను. 1885లో జర్మనీ దేశమున డైమ్లరు అను యంత్రశిల్పి కొయ్యచట్రమునకు పెట్రోలు యంత్రమును అమర్చి మొదటి మోటారు ద్విచక్రమును నడిపించెను. మన దేశమున 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు వారు బుల్లెట్టు బండ్ల నిర్మాణమునకు పూనుకొనిరి. తరువాత మైసూరునుండి జావా, ఎస్కార్ట్సు వారి రాజదూతు వచ్చినవి. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చి, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము పోవుటయే గొప్ప గుణమని జనులకు నేర్పెను. 1999లో అదే సంస్థవారి సి.బి.జెడ్., 2001లో బజాజు వారి పల్సరు బయలుదేరినప్పటినుండియే చురుకుదనము సామాన్య కుటుంబములకు అందుబాటులోనికి వచ్చినది. అట్టి బండ్లు లక్షలకొలది అమ్ముడుపోయినవి. కావుననే నేడు పాతబండ్ల విపణిలో వాటికి కొరత లేదు. విడిభాగములును చిన్న పట్టణములలో సైతము దొరకుచున్నవి.

ఇక యువకులు పలుకు 'స్పోర్టీ' యను మాటకు అర్థమేమో విచారింతము. ఆ మాటలో మూడు గుణములు ఇమిడియున్నవి. మొదటిది పికప్పు, అనగా పిడి త్రిప్పినంతనే వేగము అందుకొనుట. లారీని దాటవలసి వచ్చినప్పుడు ఇది ప్రాణరక్షకము. రెండవది మలుపులయందు తొణకక నిలుకడగా వ్రాలి లేచుట. మూడవది కోరిన చోట ఆగుట. ఈ మూడవ గుణమును యువకులు లెక్కింపరు గాని, అది లేనిచో తక్కిన రెండును శత్రువులగును. ఏలయనగా వేగము రెండింతలైనచో బండియందలి చలనశక్తి నాలుగింతలగును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండిని ఆపుటకు పట్టు దూరముకంటె 80 కిలోమీటర్ల వేగమున పోవు బండిని ఆపుటకు, బ్రేకు పట్టిన పిదప, సుమారు నాలుగు రెట్ల దూరము కావలయును. పెద్ద సైలెన్సరు మ్రోత, ట్యాంకుపై ఎర్రని చారలు, వెనుకకు ఎత్తిన తోక, ఇవి చురుకుదనపు వేషములు మాత్రమే. వాటికై అధికముగా ఇచ్చు ప్రతి రూపాయియు వ్యర్థమే.

సుఖము అనునది మెత్తని సీటు మాత్రమే యని కొందరి భ్రమ. సుఖమునకు మూలము మూడు స్థానముల పొందిక: చేతులు పట్టు హ్యాండిలు, కూర్చుండు సీటు, పాదములు నిలుపు ఫుట్‌రెస్టు. హ్యాండిలు మిక్కిలి క్రిందుగాను, ఫుట్‌రెస్టు మిక్కిలి వెనుకగాను ఉన్నచో నడుపువాని శరీరభారము మణికట్లపై పడును. పందెపు బాటపై అది మేలు కావచ్చును. అనకాపల్లినుండి నర్సీపట్నము వరకు గుంతలు తప్పించుకొనుచు పోవువానికి అది శిక్ష. హ్యాండిలు భుజములకు అనువైన యెత్తున ఉండి, వెన్ను నిటారుగానో రవ్వంత ముందునకు వ్రాలియో ఉండి, మోకాళ్ళు ట్యాంకును సహజముగా తాకుచు, రెండు పాదములును నేలపై ఆనగలిగినచో ఆ బండి ఆ మనిషికి తగినది. కావున నడుపబోవు వానినే దానిపై కూర్చుండబెట్టి చూడవలెను. పొడగరికి తగినది పొట్టివానికి తగదు.

వెనుక కూర్చుండువారి మాటయును ఇందే చేరును. మన ఇండ్లలో ఆ స్థానము సాధారణముగా పెద్దలకును స్త్రీలకును చెందినది. వెనుక సీటు ముందు సీటుకంటె జానెడెత్తున చిన్న పలకవలె ఉన్నచో అరువదియేండ్ల వాడు దానిపైకి ఎక్కుటయే కష్టము. బ్రేకు వేసినప్పుడెల్ల ముందువాని వీపుపైకి జారును. సీటు పొడవుగా సమముగా ఉండవలెను. పట్టుకొనుటకు కమ్మి, కాళ్ళు ఆనుటకు ఫుట్‌రెస్టులు, చక్రములో చీర చిక్కుకొనకుండ అడ్డు ఉండవలెనని కేంద్ర మోటారు వాహన నియమములు కూడ విధించుచున్నవి. అందము కొరకని పలువురు ఈ అడ్డును ఊడదీసి పారవేయుదురు. అది లేని బండిని కొన్నచో తిరిగి బిగింపించువరకు ఆడువారిని ఎక్కింపరాదు.

సుఖమును చురుకుదనమును పరస్పర విరుద్ధములని తోచును గాని, అవి విరోధించునది కొన్ని చోట్లనే: వంగి కూర్చుండుట, గట్టి షాకప్సు, ఇరుకు సీటు. మంచి బ్రేకులు, మంచి టైర్లు, వణకని ఇంజను, వంకర లేని చట్రము అనునవి రెండింటికిని సమానముగా అవసరములు. ఈ నాలుగును సరిగా ఉన్న సాధారణపు బండి, ఇవి చెడియున్న గొప్ప పేరుగల బండికంటె సుఖముగాను ఉండును, చురుకుగాను ఉండును. పాత బండి విషయమున స్థితికే ప్రాధాన్యమిచ్చుటకు కారణమిదియే.

మన విపణిలో దొరకు బండ్లను నాలుగు తరగతులుగా విభజింపవచ్చును. మొదటిది 100 మొదలు 125 సి.సి. వరకు గల బండ్లు. ఇవి పొదుపైనవి, తేలికైనవి. ఊరినుండి సంతకు పోవుటకు చాలును. ఇద్దరిని ఎక్కించుకొని జాతీయ రహదారిపై లారీని దాటవలసినచో ఆయాసపడును. రెండవది నిటారుగా కూర్చుండు 150, 160 సి.సి. బండ్లు. పల్సరు 150, 2004లో వచ్చిన హోండా యూనికార్ను, 2007లో వచ్చిన టి.వి.ఎస్. అపాచీ ఆర్.టి.ఆర్. 160, 2008లో వచ్చిన యమహా ఎఫ్.జెడ్. ఈ కోవలోనివి. మూడవది గాలి తొడుగు గలిగి ముందునకు వంగి కూర్చుండవలసిన బండ్లు. 2008లో వచ్చిన యమహా ఆర్. 15 ఇందుకు ఉదాహరణము. ఒంటరిగా తిరుగు యువకునకు ఇది ఆనందదాయకమే గాని వెనుక కూర్చుండు పెద్దలకు తగదు. నాలుగవది 350 సి.సి. బుల్లెట్టు వంటి బరువైన బండ్లు. ఇవి 180 కిలోలకు పైబడి యుండును. తిన్నని దారిలో సుఖముగా సాగును. ఇసుకలోను, బురదలోను త్రిప్పుట కష్టము. మరమ్మతుల ఖర్చును అధికము.

ఈ నాలుగింటిలో మన మూడు కోరికలకు మధ్యస్థముగా నిలుచునది రెండవ తరగతి. అందులోను భేదములున్నవి. యూనికార్నునకు వెనుక ఒకే షాకబ్జార్బరు అమర్చబడియున్నది, సీటు పొడవైనది, కావున ఇద్దరి ప్రయాణమునకు అనుకూలము. ఎఫ్.జెడ్. యొక్క వెనుక టైరు వెడల్పై మలుపులలో నమ్మకము కలిగించును గాని, వెనుక సీటు చిన్నది. అపాచీ చురుకైనది. పల్సరు విడిభాగములు దొరకుట సులభము, తెలిసిన మెకానిక్కులు ఎక్కువ. ఇందులో ఒకటియే మేలని నేను చెప్పను. ఈ నాలుగింటిలో ఏది బాగుగా సాకబడినదై దొరకునో దానినే కొనవలెను. కొందరు యువకులు 1996లో నిర్మాణము నిలిచిపోయిన యమహా ఆర్.ఎక్స్. 100 కొరకు వెదకి అధిక ధర ఇత్తురు. అది ముచ్చటకు కొనవలసినది. దినదినము పనికి పోవువానికి కొనదగినది కాదు.

బండి పుట్టిన సంవత్సరమును కూడ గమనింపవలెను. 2019 ఏప్రిలు 1వ తేదీ నుండి 125 సి.సి.కి మించిన క్రొత్త బండ్లన్నిటికిని ఎ.బి.ఎస్. అను బ్రేకు సాధనము ఉండి తీరవలెనని నియమము వచ్చినది. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చక్రము తిరుగుట మానివేసినచో బండి జారిపోవును. అట్లు చక్రము బిగిసిపోకుండ ఈ సాధనము సెకనుకు పలుమార్లు బ్రేకును వదలి పట్టుచుండును. చెరకు బండ్లనుండి రాలిన ఆకు, లారీలనుండి జారిన ఇసుక, తొలకరి చినుకులు పడిన తారు, ఇవి మన దారులలో ఎన్నడును కొదువ లేనివి. సొమ్ము చాలినచో, ఇంకొక అయిదు వేలు ఎక్కువైనను, 2019 తరువాతి బండిని కొనుట మేలు. ఆ అదనపు ధర చారలకు ఇచ్చునది కాదు, ప్రాణమునకు ఇచ్చునది.

2020 ఏప్రిలునుండి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో చాలవాటియందు కార్బురేటరునకు బదులు ఇంధనమును కొలిచి చిమ్ము సాధనము అమర్చబడినది. ఇవి చలికాలపు ప్రొద్దుటను సులభముగా స్టార్టగును, మెత్తగా నడచును. చెడినచో పల్లెలోని మెకానిక్కు బాగుచేయుట కష్టము. కార్బురేటరు బండిని ఏ ఊరిలోనైనను విప్పి శుభ్రపరపగలరు. మరియొక సంగతి. పెట్రోలులో నూటికి 20 పాళ్ళవరకు ఇథనాలు కలుపుచున్నారు. ఈ ఇథనాలులో కొంత మన చెరకుమడ్డినుండియే పుట్టుచున్నది. ఇది నీటిని ఆకర్షించు గుణము గలది. అందుకై రూపొందింపని పాత బండ్లలోని రబ్బరు గొట్టములను, వాషర్లను క్రమముగా చెరచును. కావున పాత బండిని కొన్నప్పుడు ట్యాంకు మూత తీసి లోపల త్రుప్పున్నదేమో చూచి, పెట్రోలు గొట్టమును మార్పించుట మంచిది.

ఇక సొమ్మును పంచుకొను విధము. చేతిలో 60,000 రూపాయలున్నవనుకొందము. ఆ మొత్తమును బండికే ఇచ్చివేయరాదు. 48,000లకు లోబడి బండిని కొని, 12,000 విడిగా ఉంచవలెను. పాత బండికి టైరో, చైనుకిట్టో, బ్యాటరీయో, బ్రేకు ప్యాడ్లో మార్పింపవలసి వచ్చుట తప్పదు. పేరు మార్పు రుసుము, భీమా, రెండు హెల్మెట్లు ఉండనే యున్నవి. 60,000 వెలగల బండిని కొని అరిగిన టైర్లతో నడుపువానికంటె, 48,000 వెలగల బండిని కొని క్రొత్త టైర్లు వేయించుకొనువాడు తెలివైనవాడు. ఏనుగునిచ్చి అంకుశము దగ్గర పోట్లాడినట్లు, బండి కొని హెల్మెటు దగ్గర బేరమాడువారిని మనము నిత్యము చూచుచునేయున్నాము.

బండిని ఎవరి యొద్ద కొనవలెను? తెలిసిన ఊరివాడు, మొదటినుండి తానే నడిపినవాడు, సర్వీసు రసీదులు చూపగలవాడు అయినచో అంతకంటె మేలు లేదు. అట్టివానిని మూడు ప్రశ్నలడుగవలెను: ఎందుకు అమ్ముచున్నావు? ఎవరెవరు నడిపిరి? ఎక్కడ బాగుచేయించితివి? జవాబులు తడబడినచో జాగ్రత్తపడవలెను. దళారి యొద్దనో దుకాణములోనో కొన్నచో ఏర్పరచుకొనుటకు బండ్లు ఎక్కువ దొరకును గాని, పూర్వ వృత్తాంతము తెలియదు. మునిగిన బండ్ల విషయమున మరింత హెచ్చరిక కావలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానులోను, 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలలోను ఎన్నియో బండ్లు నీట మునిగినవి. అట్టివి తుడిచి రంగు వేసి చౌకగా దూర ప్రాంతములకు అమ్ముటకు వీలున్నది. సీటు ఎత్తి క్రింద ఎండిన బురద గీతలున్నవేమో, వైర్ల సందులలో పచ్చని చిలుము పట్టినదేమో, దీపపు గాజులోపల ఆవిరి నిలిచినదేమో చూడవలెను. సముద్రతీరమున తిరిగిన బండి కైనచో సైలెన్సరు అడుగున, చట్రపు అతుకులలో త్రుప్పును వెదకవలెను.

బండిని చూచుటకు ముందు కాగితములను చూడవలెను. ఆర్.సి.లోని ఇంజను నంబరును, చాసిస్ నంబరును బండిపై చెక్కిన నంబర్లతో అక్షరమక్షరము పోల్చవలెను. చాసిస్ నంబరు సాధారణముగా హ్యాండిలు క్రింది మెడ భాగమునను, ఇంజను నంబరు ఇంజను పెట్టెపైనను ఉండును. అరగదీసి తిరిగి కొట్టిన జాడ కనుపించినచో అక్కడనే లేచి రావలెను. ఆర్.సి.లో ఫైనాన్సు సంస్థ పేరున్నచో, ఋణము తీరినట్లు వారిచ్చు పత్రమును 35వ నంబరు ఫారమును ఉండవలెను. ఇవి లేనిచో అప్పు మనతోనే ఇంటికి వచ్చును. పరివాహన్ జాలస్థలమున బండి నంబరునిచ్చి చలానుల బాకీలు, భీమా గడువు తెలిసికొనవచ్చును. ఇంటిలోని చదువుకొన్న పిల్లలు ఐదు నిమిషములలో చూపగలరు. ఏ.పి. 31 అను పాత విశాఖ నంబరుగల బండియైనను, 2019 తరువాతి ఏ.పి. 39 బండియైనను ఇది వర్తించును. ఇతర రాష్ట్రపు బండియైనచో అక్కడి కార్యాలయము వారి నిరభ్యంతర పత్రము కావలెను. ఆర్.సి. గడువు 15 సంవత్సరములు. గడువు సమీపించిన బండిని కొన్నచో తిరిగి రిజిస్టరు చేయించు ఖర్చును వెలలో తగ్గింపుడని అడుగవలెను.

పేరు మార్పు విషయమున మన గ్రామములలో ఉదాసీనత ఎక్కువ. "తరవాత మార్పించుకోవచ్చులే" యని సంవత్సరములు గడుపుదురు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ విభాగము ప్రకారము, ఒకే రాష్ట్రములోని అమ్మకమైనచో, అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. 29, 30 నంబర్ల ఫారములు ఇందుకే. బండి పలువురి చేతులు మారినను పుస్తకములో ఎవని పేరున్నదో వాడే యజమాని యని, ప్రమాదమున నష్టపరిహారపు భారము వానిదేనని 2018లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పినది. కావున ఇంటిలోని పాత బండిని అమ్ము పెద్దలు కూడ పేరు మారువరకు నిద్రపోరాదు. భీమా విషయము: 2018 సెప్టెంబరునుండి క్రొత్త ద్విచక్రములకు ఇతరుల నష్టమునకు సంబంధించిన భీమాను ఐదేండ్లకు ఒకేసారి తీసికొనవలసియున్నది. అది ఇంకను మిగిలియున్నచో లాభమే. భీమా పత్రమునందు కూడ పేరు మార్పించుకొనవలెను.

ఇక బండి పరీక్ష. ఊరకిచ్చిన ఆవుకు పళ్ళు పట్టి చూడరాదందురు గాని, మనము సొమ్ము పోసి కొనుచున్నాము. కావున పళ్ళు పట్టియే చూడవలెను. ఎద్దును కొనునప్పుడు మన పెద్దలు నడక చూతురు, కాడి వేసి చూతురు, కొమ్ముకు పూసిన రంగుతో మోసపోరు. ఆ కన్నే ఇక్కడను పనికివచ్చును. పగటి వెలుతురున, తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకొని, ముందుగా కబురు చేయక పోవుట మంచిది. ఇంజనుపై చేయి పెట్టి చూడవలెను. వేడిగా ఉన్నచో మనము రాకముందే స్టార్టు చేసియున్నారన్నమాట, చల్లారువరకు ఆగవలెను. చల్లని ఇంజను ఒకటి రెండు ప్రయత్నములలో స్టార్టు కావలెను. సైలెన్సరునుండి నీలి పొగ వచ్చి ఆగక సాగుచున్నచో ఇంజను నూనె కాలుచున్నదని అర్థము. బోరు పని తప్పదు, అది పెద్ద ఖర్చు. నల్లని పొగ పెట్రోలు అధికముగా పోవుచున్నదని తెలుపును. అది సాధారణముగా చిన్న మరమ్మతు. చల్లని ఉదయమున కాసేపు కనుపించు తెల్లని ఆవిరి దోషము కాదు. ఇంజను తలనుండి లోహము లోహమునకు తగులు చప్పుడు, క్లచ్చి పట్టినప్పుడు మారు గరగరధ్వని విన్నచో మెకానిక్కు మాటను ఆలకింపవలెను.

పిదప చట్రము. బండిని స్టాండుపై నిలిపి వెనుక పది అడుగుల దూరమున కూర్చుండి చూచినచో రెండు చక్రములును ఒకే గీతలో కనుపింపవలెను. హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు ముందుచక్రము ప్రక్కకు చూచుచున్నచో బండి పడినదన్నమాట. ముందు ఫోర్కు గొట్టములపై నూనె తడి ఉండరాదు. ముందు చక్రమును లేపి హ్యాండిలును మెల్లగా త్రిప్పినచో మధ్యలో తట్టినట్లు ఆగరాదు. ఆగినచో కోన్‌సెట్టు పోయినది. వెనుక చక్రమును ప్రక్కలకు లాగి చూచినచో ఆట ఉండరాదు. చైనును వెనుక పళ్ళచక్రము చివర పట్టి లాగినప్పుడు సగము పన్ను బయటపడినచో చైనుకిట్టు మార్పింపవలెను. పళ్ళచక్రపు పళ్ళు కొడవలి వంపు తిరిగినను అంతే. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును. 2319 అన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని భావము. చారలు లోతుగా ఉన్నను ఏండ్లు గడచి రబ్బరు గట్టిపడి పగుళ్ళు దేరిన టైరు వానలో జారును. దానిని కొనువాడు టైరు లేని బండిని కొన్నట్లే ఎంచి ధర తగ్గించి అడుగవలెను.

మీటరులోని కిలోమీటర్ల లెక్కను పూర్తిగా నమ్మరాదు. దానిని వెనుకకు త్రిప్పు మాయలు కలవు. గేరు రబ్బరు నున్నబడుట, పిడుల రబ్బరు అరుగుట, సీటు అట్ట చిట్లుట, బ్రేకు పెడలు అంచు మెరయుట, ఇవి అబద్ధమాడని సాక్షులు. మీటరు 15,000 చూపుచు ఇవన్నియు అరిగియున్నచో మీటరు అబద్ధమాడుచున్నది. క్లచ్చి, బ్రేకు లీవర్ల కొనలు, హ్యాండిలు కొనలు, ఫుట్‌రెస్టు కొనలు గీరుకొనియున్నచో బండి ఆ ప్రక్క పడినదని తెలియును. స్పోర్టీ బండ్ల విషయమున ఈ పరీక్ష మరింత ముఖ్యము. ఏలయనగా పొదుపు బండిని గుమాస్తా నడిపియుండును. చురుకు బండిని ఉడుకు నెత్తురు నడిపియుండును. సైలెన్సరు మార్చినవి, సీటు కోసినవి, వెడల్పు టైర్లు బలవంతముగా ఎక్కించినవి మానుకొనవలెను. వాటిని పూర్వస్థితికి తెచ్చుటకు ఖర్చగును, పోలీసులు ఆపుదురు, అన్నిటికి మించి, అవి నడిపినవాని స్వభావమును తెలుపును.

నిలిపిన బండి సగము సత్యమునే చెప్పును. లైసెన్సు గలవాడు హెల్మెటు ధరించి నడిపి చూడవలెను. చదునైన దారి, గతుకుల దారి, ఒక ఎత్తు, ఈ మూడింటిని కలిసి యుండు అయిదారు కిలోమీటర్ల దారి చాలును. ఒకసారి ఒంటరిగాను, ఒకసారి వెనుక పెద్దవారిని ఎక్కించుకొనియు నడుపవలెను. గేర్లు తడబడక పడవలెను. 50 కిలోమీటర్ల వేగమున హ్యాండిలు వణకరాదు. ఖాళీ దారిలో బ్రేకు పట్టినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు. గతుకున దిగినప్పుడు వెనుకనున్నవారి నడుమునకు దెబ్బ తగిలినచో ఆ సాక్ష్యమును పిల్లవాని ఉత్సాహముకంటె ఎక్కువగా గౌరవింపవలెను. రాత్రి దీపము ఎంతదూరము వెలుగునో కూడ చూడవలెను. చెరకు కాలమున వెనుక దీపములేని ట్రాక్టర్లు చోడవరము దారిలో నిలిచియుండుట మనమెరుగుదుము. మాడుగుల మీదుగా పాడేరు ఘాటు ఎక్కువాడైనచో బ్రేకులను మరింత శ్రద్ధతో పరీక్షింపవలెను.

పెద్దలు మరువరాని చట్టవిషయము మరొకటి కలదు. గేరు బండిని నడుపుటకు 18 ఏండ్లు నిండవలెను. 2019 నాటి సవరణచట్టము ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడో యజమానియో బాధ్యుడగును. మూడేండ్లవరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దు. తనకు తెలియకుండ జరిగినదనియో, ఆపుటకు ప్రయత్నించితిననియో ఋజువు చేయగలవాడే తప్పించుకొనును. పదవ తరగతి ప్యాసయినాడని మనుమనికి బండి కొనిపెట్టు ప్రేమ ఇంతటి ప్రేమ యని గ్రహింపవలెను.

బేరము సమయమున కోపము గాని తొందర గాని పనికిరాదు. కనుగొన్న లోపములను కాగితముపై వ్రాసి, ఒక్కొక్కదానికి మెకానిక్కు చెప్పిన ఖర్చును కూడి, ఆ మొత్తమును వెలనుండి తగ్గింపుమని అడుగుట న్యాయమైన బేరము. బయానా ఇచ్చినచో రసీదు తీసికొనవలెను. ఫారములపై సంతకములు, అమ్మువాని గుర్తింపు పత్రపు నకలు చేతికి వచ్చిన పిదపనే మిగిలిన సొమ్ము, అదియును వీలైనంతవరకు బ్యాంకు ద్వారా, ఇవ్వవలెను. "ఇంకొకరు చూసి వెళ్ళారు, సాయంత్రానికి ఉండదు" అను మాటకు లొంగరాదు. పాత బండి పోయినచో మరొక పాత బండి వచ్చును.

బండి ఇంటికి వచ్చిన మొదటి వారమున ఇంజను నూనె, గాలివడపోత, స్పార్కు ప్లగ్గు మార్పించి, బ్రేకులు, చైను సరిచేయింపవలెను. నడుపువానికి వెనుకవానికి కూడ ఐ.ఎస్.ఐ. ముద్రగల హెల్మెటు చట్టప్రకారము అవసరము. తలపాగా చుట్టుకొని వెనుక కూర్చుండు పెద్దలు తమకు హెల్మెటు అక్కరలేదనుకొనుట కలదు. తారు రోడ్డు వయస్సును గౌరవింపదు.

పెద్దలారా, యువకుని చురుకుదనపు కోరికను తప్పుపట్టవలసిన పని లేదు. ఆ వయస్సున అది సహజము. దానికి కన్నులు అమర్చుటయే మన ధర్మము. నిటారుగా కూర్చుండబెట్టునది, కోరినచోట ఆగునది, కాగితములు శుద్ధమైనది, ఒక చేతిలో శ్రద్ధగా పెరిగినది అయిన బండిని ఏరుకొన్నచో అరువది వేలలోనే తాతకు సుఖము, మనుమనికి చురుకు, తండ్రికి నిశ్చింత దొరకును. రెండవ షిఫ్టు దిగి, అర్ధరాత్రివేళ జాతీయ రహదారిమీదుగా పిల్లవాడు ఇంటికి వచ్చు చప్పుడు వినబడువరకు ఇంటిలో ఎవరును నిద్రపోరు. ఎన్నికయందు చూపిన ఓపిక అంతయు ఆ చప్పుడు కొరకే. సెలవు.